జర్మనీ దొరగారికి పెట్టిన భోజనం

మా ఆయన ఎల్లారావు పన్నెండేళ్లు గాజు సామాను కడిగారు. ఇంట్లో కాదు, స్టీలుప్లాంటులో. ఇంట్లో అయితే ఒక్క గ్లాసు కడిగిన పాపాన పోలేదు.

అక్కడ బొగ్గును కాల్చి కోకు చేసేటప్పుడు తారు, బెంజాలు, ఇంకా ఏవేవో ఘాటు వాసన వస్తువులు దిగుతాయి. అవి సరిగా దిగుతున్నాయో లేదో చూడ్డానికి ఒక లాబు ఉంది. ఆ లాబులో పరీక్షలు చేసేవాళ్లు బల్ల దగ్గర కూర్చుంటారు. పరీక్ష అయ్యాక సీసాలు కడిగే ఖలాసీలు తొట్టి దగ్గర నిలబడతారు. మా ఆయన నిలబడేవాళ్లలో ఒకరు. ఆయనకి ఉన్నది ఒకటే కోరిక. ఒక్క మెట్టెక్కి లాబ్ అసిస్టెంటు అయి, తను కడిగిన సీసాలో తన చేత్తోనే ఒక పరీక్ష చెయ్యాలని.

ఆయన పోయి రెండేళ్లు దాటింది. ఇప్పుడు ఆయన మాట వస్తే అందరూ గొంతు తగ్గిస్తారు. నాకది నచ్చదు. ఆయన ఉండగా మా ఇంట్లో ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడింది లేదు. ఆయన చేసే పనులు అలాంటివి. అందుకే ఆ దొరగారి సంగతి నాకు గుర్తున్నట్టు రాస్తున్నాను.

మా అత్తవారు సముద్రం మీద బతికినవాళ్లు. మామగారు పడవ మీద వేటకి వెళ్లేవారు. ఆయన కొడుకేమో పడవెక్కితే చాలు, తిన్నదంతా చేపలకి పెట్టేసేవాడట. మామగారు మూడుసార్లు చూసి, "ఈడు నీటికి పనికిరాడే. నేల మీద ఎక్కడైనా ఎట్టీ" అని మా అత్తగారు గంగాలమ్మకి అప్పగించేశారు. అలా ఎనిమిదో తరగతి దాకా చదువు, తర్వాత దొరికిన కూలి పని, ప్లాంటు వచ్చాక లాబులో తొట్టి.

తొట్టి దగ్గర ఆయనకి అన్నింటికన్నా ఇష్టమైనది కోనికల్ ఫ్లాస్కు. కింద వెడల్పుగా, పైకి పోనుపోను సన్నగా, మా అత్తగారు పీట మీద కూర్చున్నట్టే ఉంటుంది. "ఎంత తిప్పినా తొణకదే, బయటికి సుక్క రాదు. ఎవుడు కనిపెట్టాడో గానీ బుర్రున్నోడు" అని ఇంటికొచ్చి చెంబులో నీళ్లు పోసి తిప్పి చూపించేవారు. చెంబు తొణికేది. నేను తుడిచేదాన్ని.

1997లో ఒకరోజు ఆయన ఆ ఫ్లాస్కుని ఎండకి ఎత్తి చూస్తుంటే, లాబులో కెమిస్టు సుధారాణి మేడమ్ నవ్వి, "అది ఎవరిదో తెలుసా ఎల్లారావ్?" అన్నారట.

"ప్లాంటుది మేడమ్" అన్నారట ఈయన, కంగారుగా కింద పెట్టేసి.

"కాదయ్యా, ఆ ఆకారం ఎవరిదో తెలుసా అని. ఎర్లెన్‌మేయర్ అని జర్మనీలో ఒక కెమిస్టు ఉండేవాడు. ఆయన చేయించింది."

సీసాకి పుట్టించిన మనిషి ఉంటాడని మా ఆయనకి ఆరోజే తెలిసింది. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు మేడమ్ దగ్గర ఆ దొరగారి గురించి ఇంగ్లీషులో ఉన్న నాలుగు పేజీలు, ఒక ఫొటో జెరాక్సు తీయించుకుని వచ్చారు. ఫొటోని గాజువాకలో గవర్రాజు ఫ్రేముల కొట్టుకి తీసుకెళ్లారు. గడ్డం పెద్దాయన ఫొటో వస్తే గవర్రాజు అడిగే ప్రశ్న ఒకటే.

"ఎప్పుడు పోయారండీ?"

"పంతొమ్మిది వందల తొమ్మిది, జనవరి ఇరవై రెండు."

"అయితే మరీ తొందరేం లేదు, బుధవారం రండి" అన్నాడట.

బుధవారానికి పటం సిద్ధం. కింద బంగారు రంగు అక్షరాలతో శ్రీ ఎర్లెన్‌మేయర్ గారు, జననం 28-6-1825, మరణం 22-1-1909 అని రాసి ఉంది. పూలదండ కూడా వేస్తానంటే మా ఆయన వద్దన్నారు. మల్కాపురంలో మా పెంకుటింటి ముందు గదిలో, గడియారం పక్కన తగిలించారు. గడ్డం, కోటు, లోతైన చూపు. మా అత్తగారికి చదువు రాదు. కొడుకు పెట్టాడంటే ఎవరో పెద్ద ఆఫీసరు అయ్యుంటాడనుకుని, ఆ పటం ముందు నుంచి వెళ్లినప్పుడల్లా కొంగు భుజం మీదికి లాక్కునేవారు. అలా నాలుగేళ్లు గడిచాయి.

ఖలాసీ నుంచి అసిస్టెంటు కావాలంటే ముగ్గురు ఆఫీసర్ల ముందు నోటి పరీక్ష ఉంటుంది. మా ఆయన 95లో ఒకసారి వెళ్లారు. వాళ్లు పేరు అడిగారు. అదే ఆయన సరిగా చెప్పగలిగిన చివరి జవాబు. 98లో మళ్లీ వెళ్లారు. ఈసారి ఆసిడ్ అంటే ఏమిటి, ఆల్కలీ అంటే ఏమిటి అని అడిగారు. "సెయ్యి మండితే ఆసిడ్ సార్, సెయ్యి జారితే ఆల్కలీ" అన్నారు. తొమ్మిదేళ్లు చేతులు పెట్టిన మనిషికి అంతకన్నా ఎలా తెలుస్తుంది? వాళ్లు పుస్తకంలో ఉన్న మాట కావాలన్నారు. ఫెయిలు.

మూడోది, ఆఖరిది, 2001 జనవరి ఇరవై మూడున. అప్పటికి ఆయనకి నలభై నాలుగు నిండాయి. నలభై అయిదు దాటితే ఇక పిలవరు. ఈసారి పోతే రిటైరయ్యేదాకా తొట్టే.

పరీక్షకి పది రోజుల ముందు, మా పక్కింటి కొండలరావు వచ్చాడు. కోక్ ఓవెన్లలో పని, మాకు వరసకి చుట్టం. నన్ను సెల్లెమ్మా అంటాడు, మా ఆయన్ని బావ అంటాడు, మా టీ తన టీ అంటాడు. టీ తాగుతూ గోడ వైపు చూసి, ఉన్నట్టుండి పైకి చదివాడు.

"మరణం ఇరవై రెండు, ఒకటి, పంతొమ్మిదొందల తొమ్మిది. ఓరి బావా! ఈ దొర సచ్చిపోయి తొంబై రెండేళ్లయిందేటి! నీ ఆఫీసరు కాదేటి?"

చేపలు తోముతున్న మా అత్తగారి చెయ్యి ఆగిపోయింది.

"ఎవులు? ఎవులు సచ్చిపోనారు?"

"ఈ పటంలో దొర, అత్తా."

"ఓలమ్మో!" అని మా అత్తగారు పొలుసు చేతులే నెత్తి మీద పెట్టుకున్నారు. "సచ్చిపోనోడా? నాలుగేళ్ల నుంచి సచ్చిపోనోడి పటం ఇంట్లో ఎట్టుకుని ఒక్క మెతుకైనా ఎట్టనేదేటిరా? మీ నాన్నకి ఏడాదికోపాలి ఆకేసి ఎడతన్నాం. ఆయన ఎదురుగుండా ఇతగాడు నోరెండబెట్టుకుని సూత్తా కూకున్నాడా?"

మా వాళ్ల పద్ధతి అది. పోయిన పెద్దవాళ్ల పటం గోడ మీద ఉంటే, పోయిన రోజున వాళ్లకి ఇష్టమైనవి వండి ఆకులో వడ్డించి, కొత్త బట్ట పెట్టి, హారతి ఇచ్చి, తలుపు వేసి బయటికొచ్చేస్తాం. వాళ్లు వచ్చి ఎవరూ చూడకుండా తిని వెళతారని.

"అమ్మా, ఆయన మన సుట్టం కాడే. జర్మనీ" అన్నారు మా ఆయన.

"జర్మనీ అయితే ఆకలెయ్యదేటి? అందుకే నువ్వు ఫెయిలయిపోనావు."

"నాను జవాబు తప్పు సెప్పి ఫెయిలయ్యానమ్మా."

"ఆ జవాబు నీ నోటికాడికి రానియ్యకండా అడ్డం కూకుందెవులు?" అని పటం వైపు చెయ్యి చాపారు. చేతి నుంచి ఒక పొలుసు ఎగిరి దొరగారి గడ్డం మీద అతుక్కుంది.

కొండలరావు అప్పటికే వేళ్లు మడుస్తున్నాడు. "బావా, ఆయన పోయింది ఇరవై రెండు. నీ పరీక్ష ఇరవై మూడు. ముందురోజు కడుపు నింపితే మర్నాడు నీకే..."

మా ఆయన కోప్పడదామని నోరు తెరిచి, దొరగారి గడ్డం మీది పొలుసు తీయడానికి లేచారు. నమ్మారని కాదు. కానీ ఆఖరి పరీక్ష ముందు ఎవరైనా భోజనం పెడదామంటే కాదనే ధైర్యం ఆయనకి లేదు.

ఇక దొరగారికి ఏమిష్టమో తెలియాలి. మా అమ్మాయి హరిచందన అప్పుడు పదో తరగతి. ఆ నాలుగు పేజీలు ఇంగ్లీషులో చదివి మాకు తెలుగులో చెప్పే పని దానికి పడింది. నాలుగేళ్ల నుంచీ మా ఆయన వాటిని దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నారు గానీ చదివించుకోలేదు. అది చెబుతుంటే మేం చుట్టూ కూర్చున్నాం.

"ఆయన నాన్నగారు చర్చిలో పాస్టరు. ఈయన డాక్టరు చదువుదామని వెళ్లాడు. అక్కడ ఒక పెద్ద కెమిస్టు పాఠం విని, డాక్టరు చదువు మానేసి కెమిస్ట్రీలో చేరిపోయాడు."

"బంగారంలాటి డాక్టరీ మానీసాడా?" అన్నారు మా అత్తగారు. "ఆళ్లమ్మ ఏడిసుంతాది."

"తర్వాత మందుల కొట్టు పెట్టాడు. కొన్నేళ్లకి అదీ వదిలేశాడు. హైడెల్‌బర్గ్ అని ఒక ఊరెళ్లి, ఒక షెడ్డు తీసుకుని దాన్నే లాబు చేసుకున్నాడు."

"రేకుల షెడ్డా?" అన్నారు మా ఆయన ఆత్రంగా.

"రేకులో పెంకులో ఇందులో లేదు నాన్నా."

"రేకులే అయ్యుంతాది. ఎండకి ఎంత ఉడికిపోయాడో." వాళ్ల లాబులో కడిగే తొట్టి ఉన్నది రేకుల కిందే. ఆ నిమిషం నుంచి దొరగారు మా ఆయనకి సొంత అన్నయ్య అయిపోయారు.

"ఆ రోజుల్లోనే ఈ ఫ్లాస్కు గాజు కార్ఖానా వాళ్ల చేత చేయించి అందరికీ చూపించాడు. తర్వాత నాఫ్తలీన్ లోపల ఎలా ఉంటుందో చెప్పాడు. నాఫ్తలీన్ అంటే కలరా ఉండలు, మామ్మా. పెట్టెలో చీరల మధ్య వేస్తావు చూడు, అవి."

"అయి ఈయన సరుకేనా!" అన్నారు అత్తగారు, గౌరవంగా. "నా పట్టుసీర పురుగు పట్టకండా ఉన్నదంటే ఈయన సలవేనా!"

"తర్వాత మ్యూనిక్‌లో ప్రొఫెసరు అయ్యాడు. కొడుకు కూడా కెమిస్టే."

"ఏటి తినీవోడో సెప్పవే, గుంటా."

అది నాలుగు పేజీలూ తిరగేసింది. తిండి గురించి ఒక్క ముక్క లేదు. ఇంత పెద్ద చదువులు చదివినవాళ్లు మనిషి గురించి నాలుగు పేజీలు రాసి, ఏం తిన్నాడో రాయకపోవడం ఏమిటని మా అత్తగారు తిట్టారు. నాకూ అదే అనిపించింది.

మర్నాడు మా ఆయన మేడమ్‌ని అడిగారు. ఆవిడకీ తెలియదు. "జర్మనీ వాళ్లు బంగాళాదుంపలు, రొట్టె, బీరు అంటారు" అన్నారట. అంతే, మెనూ తేలిపోయింది. బంగాళాదుంప వేపుడు, బేకరీ రొట్టె, ఒక బీరు సీసా. బీరు తెచ్చే బాధ్యత కొండలరావు తీసుకున్నాడు. దొరగారు తాగి వెళ్లాక మిగిలినదాని బాధ్యత కూడా తీసుకున్నాడు.

"సేపనేకండా ఆకేటి బాగుంతాది?" అని మా అత్తగారు వంజరం పులుసు కలిపారు. కొత్త బట్ట దగ్గర ఆగింది. మన పెద్దవాళ్లకి పంచె పెడతాం. దొర పంచె కట్టడు. కోటు కుట్టించడం మనవల్ల కాదు. మా అత్తగారు ఒక పూటంతా ఆలోచించి తేల్చారు: "బనీను ఎట్టండి. ఎంత దొరయినా కోటు లోపల బనీను ఏసుకుంతాడు."

ఈ గోలలో మా ఆయన చదువు కూడా సాగుతోంది. నాఫ్తలీన్ కార్ఖానాలో రోజూ దిగే సరుకు కాబట్టి దాని గురించి తప్పకుండా అడుగుతారని మేడమ్ చెప్పారట. అందులో పది కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు. మా ఆయన ఒకసారి పది, పన్నెండు అనేవారు, ఇంకోసారి ఎనిమిది, పది అనేవారు. హరిచందన పలక మీద బొమ్మ గీసింది. ఆరు మూలల గదులు రెండు, పక్కపక్కన. మధ్య గోడ రెండింటికీ ఒకటే.

"ఇలా ఉంటుందని ముందు చెప్పింది ఈ దొరగారే. ప్రతి మూలా ఒక కార్బన్" అంది.

నేను అన్నం వారుస్తూ చూశాను. చూస్తే అది ముగ్గు. "పది చుక్కలు" అన్నాను.

ఇద్దరూ నావైపు తిరిగారు. చుక్కల ముగ్గులు చిన్నప్పటి నుంచి వేస్తున్నదాన్ని, లెక్కపెట్టక్కర్లేదు. "మధ్య గోడ మీదున్న చుక్కలు రెండింటికీ మూడు వైపులా చుక్కలే ఉన్నాయి. వాటికి బయట చోటు లేదు. మిగతా ఎనిమిదింటికీ బయటికి ఒక్కో వైపు ఖాళీగా ఉంది" అన్నాను.

"ఆ ఖాళీలోనే హైడ్రోజన్ ఉంటుందమ్మా!" అని హరిచందన గెంతింది. "అందుకే ఎనిమిది!"

మా ఆయన పలకవైపు, నావైపు మార్చి మార్చి చూశారు. ఆ తర్వాత ఆయన ఆ అంకె ఎప్పుడూ మర్చిపోలేదు. మర్చిపోకుండా ఉండాలని నేను పరీక్ష దాకా రోజూ గుమ్మం ముందు అదే ముగ్గు వేశాను. ఎదురింటి నూకాలు చూసి, "ఇదేటి కొత్త ముగ్గు?" అంది. జర్మనీ ముగ్గు అన్నాను. నాలుగు రోజుల్లో మా వీధిలో మూడిళ్ల ముందు నాఫ్తలీన్ ఉంది. నూకాలు అందంగా ఉంటుందని మూడో గది కలిపి, మధ్యలో తామరపువ్వు పెట్టింది. మా ఆయన పనికెళుతూ చూసి, మేడమ్‌ని అడిగి వచ్చి చెప్పారు: "మూడు గదులైతే అది వేరే పదార్థం అయిపోతాదంట. పేరు ఆంత్రసీన్. నూకాలికి సెప్పు, సెరిపెయ్యమని." నూకాలు చెరపలేదు.

ఇరవై రెండో తేదీ వచ్చింది. మా ఆయన సెలవు పెట్టారు. తలంటు పోసుకున్నారు. పటం దించి పీట మీద పెట్టాం. దొరగారికి గంధం, బొట్టు. ముందు అరిటాకు. బంగాళాదుంప వేపుడు, రొట్టె, అన్నం, వంజరం పులుసు. పక్కన మూత తీసిన బీరు, మడత విప్పని బనీను. గోత్రం తెలియదు కాబట్టి మా అత్తగారు ఉన్నమాటే చెప్పారు. "దొరబాబూ, నీకు తెలిసింది సీసాలు. మావోడికి తెలిసిందీ సీసాలే. నీ నోరు తెరిసి తిను, ఆడి నోరు తెరిపించు."

హారతి పళ్లెం ఆవిడ చేతిలోనే ఉంది. నేను వంటింట్లో నీళ్ల చెంబు కోసం వెళ్లాను. మా ఆయన కళ్లు మూసుకుని పది, ఎనిమిది అనుకుంటున్నారు. ఆవిడ నేతివత్తి వెలిగించి, దాని చుట్టూ తెల్లటి ఉండలు ఏడు పేర్చారు. కర్పూరం కాదు, కలరా ఉండలు. పొరపాటున కాదు, ఆలోచించే చేశారు. కర్పూరం మన దేవుళ్లకి, దొరగారికి దొరగారి సరుకే వెలిగించడం మర్యాద అనుకున్నారు.

తర్వాత మేమందరం బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, పెద్దాయన తినేదాకా అరుగు మీద కూర్చున్నాం.

"ఎంతసేపు తింతాడు అత్తా?" అన్నాడు కొండలరావు. వాడి మనసు బీరు మీద ఉంది.

"తొంబై రెండేళ్ల ఆకలిరా. తొందరెట్టకు."

కొంచెంసేపటికి పెంకుల సందుల్లోంచి నల్లగా, దట్టంగా, మెలికలు తిరుగుతూ పొగ లేచింది.

పక్కనే ఉన్న చమురు రిఫైనరీ 97లో పేలింది మొదలు, మల్కాపురంలో నల్లపొగ కనిపిస్తే ఎవరూ కారణం అడగరు. ముందు పరిగెడతారు, రోడ్డు మీదికెళ్లాక అడుగుతారు. నూకాలు కోడిపెట్టని చంకలో పెట్టుకుని పరిగెత్తింది. ఆవిడ మొగుడు గ్యాస్ పుస్తకం పట్టుకుని, గ్యాస్ బండ వదిలేసి పరిగెత్తాడు. కొండలరావు తనింట్లోకి దూకి టీవీ కాపాడబోయి, రిమోట్ మాత్రం చేతికి చిక్కితే దాన్నే గుండెలకి హత్తుకుని బస్‌స్టాపు దాకా వెళ్లిపోయాడు. వీధి మొత్తం ఖాళీ. మా అత్తగారు మాత్రం కదల్లేదు.

"ఉండండర్రా, తింతన్నాడు!" అని చేతులు అడ్డం పెట్టారు తలుపుకి.

మా ఆయన ఆవిడ్ని పక్కకి జరిపి తలుపు తోశారు.

లోపల పొగ దూదిలా, నల్లటి పీచులుగా గాలిలో తేలుతోంది. మెల్లగా దిగుతోంది. అన్నం మీద, రొట్టె మీద, వంజరం ముక్కల మీద దిగింది. బనీను నల్లబనీను అయిపోయింది. పటంలో గడ్డం ఎక్కడ మొదలైందో, కోటు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. పళ్లెంలో ఉండలు కరిగి ఇంకా ఎర్రగా, పొగలు కక్కుతూ మండుతున్నాయి. మా ఆయన తడి గోనె వేసి ఆర్పారు. ఆర్పాక అరుస్తారనుకున్నాను. అరవలేదు. గాలిలో తేలుతున్న మసి పీచొకటి వేలి మీదికి పట్టుకుని, నలిపి, వెలుతురులో చూశారు. లాబులో ఫ్లాస్కుని చూసినట్టే చూశారు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. మర్నాటి పరీక్షకి ఉతికి ఇస్త్రీ చేయించిన ఒక్కగానొక్క తెల్లచొక్కా ఆ తలుపు వెనకే వేలాడుతోంది.

ఆ చొక్కాని నాలుగుసార్లు ఉతికాను. మసి అనేది ఉతికితే పోదు, సమానంగా పరుచుకుంటుంది. పొద్దున్నకి చొక్కా మొత్తం ఒకే రంగులోకి వచ్చింది, బూడిదరంగు. మా ఆయన మూడుసార్లు స్నానం చేసినా చెవుల మడతల్లోనూ మీసాల మొదట్లోనూ నలుపు ఉండిపోయింది. "ఉండనీ, దిష్టి సుక్క" అన్నారు మా అత్తగారు. కొడుకు బస్సెక్కేదాకా గుమ్మంలోనే నిలబడ్డారు.

పరీక్షలో ఏం జరిగిందో మా ఆయన చెప్పారు, తర్వాత సుధారాణి మేడమ్ కూడా చెప్పారు. ఆయన చెప్పినదానికన్నా మేడమ్ చెప్పినది బాగుంటుంది.

మధ్య కుర్చీలో పెద్ద ఆఫీసరు. మేడమ్ ఒక పక్క, ఇంకొకాయన మరో పక్క. మా ఆయన వెళ్లి నిలబడ్డారు. పేరు అడిగితే చెప్పారు. ఆ తర్వాత మొదటి ప్రశ్నకి ఎప్పటిలాగే నోరు తెరిచి ఊరుకున్నారు. రెండోదానికీ అంతే. మేడమ్ ఫైలు వైపు చూస్తూ ఉండిపోయారట, ఈ మనిషి ఇంక తొట్టి దగ్గరే ముసలాడైపోతాడని.

పెద్ద ఆఫీసరు విసుగ్గా కాగితం మూయబోతూ, "ఏమయ్యా, పరీక్షకి వస్తూ కాస్త శుభ్రంగా రావచ్చు కదా. ఆ చెవులేమిటి, ఆ చొక్కా ఏమిటి? కోక్ ఓవెన్ల మీద డ్యూటీ దిగి సరాసరి వచ్చావా?" అన్నారు.

"నేదండి. నిన్న ఎర్లెన్‌మేయర్ గారికి భోజనం ఎట్టామండి" అన్నారు మా ఆయన.

గదిలో ముగ్గురూ తలెత్తారు.

"ఎవరికి?"

అది పుస్తకంలో ప్రశ్న కాదు కదా. అందుకని మా ఆయనకి నోరు వచ్చేసింది. పటం, చనిపోయిన తేదీ, బంగాళాదుంపలు, బనీను, ఏడు ఉండలు, కొండలరావు రిమోట్ అన్నీ వరసగా చెప్పుకుపోయారు. రెండో ఆఫీసరు బల్ల మీద తల పెట్టేశారట. మేడమ్ ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పెద్ద ఆఫీసరు మాత్రం నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఉండు. నేతివత్తి కూడా అదే పళ్లెంలో ఉంది కదా. నెయ్యికి రాని మసి ఆ ఉండలకి ఎందుకొచ్చింది?" అన్నారు.

మా ఆయన పై కప్పు వైపు చూసి, వేలితో గాలిలో ముగ్గు వేశారట.

"దాంట్లో పది కార్బన్లండి. హైడ్రోజన్లు ఎనిమిదేనండి. మద్దిలో రెండు సుక్కలకి బయట సోటు నేదు, మా ఆవిడ ముగ్గేసి సూపించింది. కార్బను అంతెక్కువుంటే కాలడానికి గాలి సాలదండి. కాలకండా మిగిలిన కార్బనే మసండి. బెంజాలైనా అంతే, ఈ జాతంతా నల్లపొగే ఇత్తాది." నిజాయితీగా ఇంకో మాట కలిపారు. "దానికి తోడు మా అమ్మ తలుపు కూడా ఏసీసిందండి."

అప్పుడు నవ్వారట పెద్దాయన. కుర్చీ వెనక్కి వాలి, తాగుతున్న మంచినీళ్లు ముక్కులోకి వెళ్లి, దగ్గుతూ నవ్వారట. తర్వాత కళ్లు తుడుచుకుని మేడమ్ వైపు తిరిగి, "ఈయన్ని ఇన్నాళ్లు తొట్టి దగ్గర ఎందుకు పెట్టారు?" అన్నారు.

పద్దెనిమిది రోజులకి లిస్టు వచ్చింది. ఎల్లారావు, లాబ్ అసిస్టెంటు. ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు ఆశ్చర్యపోలేదు. "మసి తిని కూడా మాట నిలబెట్టుకున్నాడు. పెద్దమనిసి" అన్నారు. కొండలరావు మాత్రం ఆ బీరు సీసాలోకి కూడా మసి వెళ్లిందని చాలా రోజులు బాధపడ్డాడు. తాగాడు గానీ బాధపడ్డాడు.

మొదటి రోజు బల్ల దగ్గర కూర్చుని పని చేసి వచ్చిన సాయంత్రం మా ఆయన బట్టలు కూడా మార్చుకోలేదు. చేతులు చూసుకుంటూ కూర్చున్నారు.

"ఏటి సేసావురా ఇయ్యాల?" అని అడిగారు అత్తగారు.

"సుక్కలు లెక్కెట్టానమ్మా."

"ఇంత సదివి సుక్కలేటి?"

"నీకు తెల్దే" అని నన్ను పిలిచారు. "ఇదిగో, పాలు ఒక గ్లాసులో, టీ డికాషను ఒక గ్లాసులో ఇయ్యి. సెమ్సా కూడా."

ఇచ్చాను. ఆయన నేల మీద బాసింపట్టు వేసుకుని, చెమ్చాతో డికాషను ఎత్తి, పాలలోకి చుక్క చుక్కగా వదలడం మొదలుపెట్టారు. ఎడంచేత్తో పాలగ్లాసు తిప్పుతున్నారు. తొణకలేదు. రంగు ఎక్కడ మారుతుందో ఆ ఒక్క చుక్క దగ్గర ఆగాలట. ముందు చుక్కకి మారకూడదు, తర్వాత చుక్క పడకూడదు. పొద్దున్న లాబులో మొదటిసారి ఒక చుక్క ఎక్కువైపోయిందట, ఎవరూ చూడకపోయినా పారబోసి మళ్లీ చేశారట.

"సూడు, సూడు, ఇప్పుడు" అంటున్నారు. నేను గ్లాసుని చూడలేదు. ఎన్ని తలంట్లు పోసినా ఆ చెవుల మడతల్లో ఇంకా కొంచెం నలుపు ఉంది, దాన్ని చూస్తున్నాను.

"అదిగో! సూసావా?"

చూశానని చెప్పాను.

గ్లాసు నా చేతికిచ్చారు. అప్పటికి చల్లారిపోయింది, పంచదార కూడా లేదు. మొత్తం తాగాను.